అమరోనేనా, రిపాస్సోనా? ముందు పళ్లెం చూడండి, తర్వాత సీసా

నేను మొదటిసారి అమరోనే అనే ఇటలీ రెడ్ వైన్ సీసా తెరిచిన రోజు పక్కన ఉన్నది నాటుకోడి పులుసు. అంత డబ్బు పెట్టి కొన్న వైన్‌కి ఇంట్లో అందరికంటే ఇష్టమైన కూరే తోడుండాలని నా లెక్క. రెండు గుక్కలయ్యేసరికి నోరు భగ్గుమంది. కోడి రుచి తెలియలేదు, వైన్‌లో స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. మర్నాడు రాత్రి మిగిలిన సగం సీసాను ఒక గట్టి చీజ్ ముక్కతో తాగితే ఎండు అంజీర్, చెర్రీ, కాస్త చాక్లెట్, చివర్లో బాదం పలుకు చేదు... వేరే సీసా తెరిచానా అనిపించింది. అప్పటి నుంచి ఇటలీ రెడ్ వైన్ ఏది కొనాలని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే: తినేదేంటి?

ఈ వైన్ ఊరు వెరోనా. ఆ నగరానికి ఉత్తరాన, గార్దా సరస్సుకు తూర్పు వైపు పరుచుకున్న కొండల పేరు వాల్పోలిచెల్లా. కోర్వీనా, కోర్వినోనే, రొండినెల్లా అనే నల్లద్రాక్షలు అక్కడి పంట. వాటితోనే నాలుగు రకాల వైన్లు చేస్తారు: మామూలు వాల్పోలిచెల్లా, రిపాస్సో, అమరోనే, రెచోతో. ఒకే కొండ, ఒకే ద్రాక్ష, ఒక్కోసారి ఒకే రైతు. తేడా అంతా కోత అయ్యాక ఏం చేశారన్న దగ్గరే వస్తుంది. షాపులో నాలుగూ ఒకే అరలో పక్కపక్కన నిలబడి ఉంటాయి, ధరలు మాత్రం 10 యూరోల దగ్గర మొదలై వందలకు పోతాయి. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే.

అటక మీద నాలుగు నెలలు

అమరోనే కోసం సెప్టెంబర్, అక్టోబర్ కోతలో గుత్తులు ఏరుతారు. గింజల మధ్య గాలి ఆడేలా వదులుగా ఉన్నవి, ఒక్క గింజ కూడా చితకనివి కావాలి. వాటిని గాలి బాగా వీచే అటకల మీద పూర్వం వెదురు తడికలపై పరిచేవారు, ఇప్పుడు ఎక్కువమంది ప్లాస్టిక్ ట్రేలు వాడుతున్నారు. మన మామిడి ఒరుగుల్లా ఎండలో వేయరు. నీడన, చలిగాలికి, నెమ్మదిగా ఆరాలి. బూజు పట్టిందా అని రోజూ చూసుకోవాలి. మామూలుగా డిసెంబర్ 1కి ముందు ఆ ద్రాక్షను పిండకూడదని నియమం. చాలామంది జనవరి దాకా, ఇంకొందరు ఫిబ్రవరి దాకా ఆగుతారు. అప్పటికి గింజ బరువులో మూడోవంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నీరుగా ఎగిరిపోయి ఉంటుంది.

ఈ లెక్క ధరలోకి ఎలా వస్తుందో చూడండి. 100 కిలోల ద్రాక్ష నుంచి మామూలు వాల్పోలిచెల్లా 70 లీటర్ల దాకా తీయొచ్చు. అమరోనే అయితే 40 లీటర్లకు మించకూడదు. అంటే 750 మిల్లీలీటర్ల అమరోనే సీసా వెనక దాదాపు 1.9 కిలోల పచ్చి ద్రాక్ష ఉంది. ఆపైన కనీసం రెండేళ్లు వైనరీలో మాగాలి, లేబుల్ మీద రిజర్వా అని ఉంటే నాలుగేళ్లు. ఖరీదు ఊరికే పెరగలేదు.

నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది, ఆ చక్కెరను ఈస్ట్ తింటూ పోతే ఆల్కహాల్ పెరుగుతుంది. అమరోనేకి కనీసం 14 శాతం ఉండాలి. నిజానికి సీసాల మీద కనిపించేది 15, 16, అప్పుడప్పుడు 16.5. "వైనే కదా" అని నీళ్లలా పోసుకునేవాళ్ల కోసం పెగ్గుల్లో చెప్తాను. 16 శాతం అమరోనే 150 మిల్లీలీటర్ల గ్లాసులో 24 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ స్మాల్ పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్లలో ఉండేది 13 కంటే తక్కువ. ఒక గ్లాసు దాదాపు రెండు స్మాల్ పెగ్గులన్నమాట. సీసా మొత్తం తొమ్మిది పెగ్గుల పైమాటే. ఇద్దరు కూర్చుని ఖాళీ చేసే సరుకు కాదు, నలుగురికి సరిపోతుంది. బండి నడిపే మనిషిని అందులోంచి తీసేయండి.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఇటాలియన్‌లో అమారో అంటే చేదు, అమరోనే అంటే పెద్ద చేదు. నిజానికి ఈ కొండల్లో పాత వైన్ తియ్యటిది. ఆరో శతాబ్దంలో గోత్ తెగ రాజు థియోడొరిక్ కొలువులో పనిచేసిన కాస్సియోదోరుస్ కూడా, ఇలా ద్రాక్షను ఆరబెట్టి చేసే వెరోనా తీపి వైన్‌ను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. దాని వారసురాలే నేటి రెచోతో. 1936లో నెగ్రార్ సహకార వైనరీలో మరిచిపోయిన ఒక రెచోతో పీపాలో ఈస్ట్ చక్కెరంతా తినేసి వైన్ తీపి పోగొట్టుకుందని, రుచి చూసిన మేస్త్రీ "ఇది అమారో కాదు, అమరోనే" అన్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కథలో పాలెంత, నీళ్లెంత అన్నది పక్కన పెడితే, మార్కెట్‌లోకి అమరోనే గట్టిగా వచ్చింది మాత్రం 1950ల్లోనే. ఇటలీ వైన్లలో అన్నింటికంటే పై మెట్టయిన డీఓసీజీ గుర్తింపు 2010లో వచ్చింది. పేరుకే చేదు గానీ నాలుకకి తగిలేది ముందు ఎండుపళ్ల నిండుదనం. చేదు చివర్లో, ఒక్క గీతలా వస్తుంది.

నాలుగింటిలో ఏది?

మామూలు వాల్పోలిచెల్లా తేలిక వైన్. పుల్ల చెర్రీ రుచి, 12 శాతం అటూ ఇటూ ఆల్కహాల్, వగరు దాదాపు లేదు. టమాటా పాస్తా, పిజ్జా, కాల్చిన కోడి ఉంటే ఇది చాలు. కాస్త చల్లబరిచి తాగితే వేసవిలో కూడా బాగుంటుంది. అమరోనే కొనే డబ్బుతో ఇవి మూడు నాలుగు సీసాలు వస్తాయి, స్నేహితులు పదిమంది వస్తున్నప్పుడు నేను అదే చేస్తాను.

రిపాస్సో దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అమరోనే కొనాలని వచ్చినవాళ్లలో సగం మందికి నిజంగా కావలసింది ఇదే. అమరోనే పులిసి, వైన్ తీసేశాక తొక్కల పిప్పి మిగులుతుంది. అందులో ఇంకా కాస్త చక్కెర, ఈస్ట్, రంగు, వగరు ఉంటాయి. మామూలు వాల్పోలిచెల్లా వైన్‌ను తెచ్చి ఆ పిప్పి మీద పోసి మళ్లీ కొన్నాళ్లు పులియనిస్తారు. వినగానే మనకు ఫిల్టర్ కాఫీ రెండో డికాషన్ గుర్తొస్తుంది. పోలిక సగమే అతుకుతుంది: అక్కడ పోసేది నీళ్లు, ఇక్కడ పోసేది అప్పటికే తయారైన వైన్. అందుకే పలచబడటానికి బదులు చిక్కబడుతుంది. మాసి అనే వైనరీ ఈ పాత పద్ధతిని 1964 పంటతో కాంపోఫియోరిన్ పేరిట మళ్లీ వెలుగులోకి తెచ్చింది. ఇప్పుడు వాల్పోలిచెల్లా అంతటా చేస్తారు. దీన్ని "చిన్న అమరోనే" అంటూ అమ్ముతుంటారు. నాకు ఆ మాట నచ్చదు. రిపాస్సోలో ఎండుపళ్ల వాసనతో పాటు పచ్చి చెర్రీ పులుపు కూడా బతికే ఉంటుంది. ఆ పులుపు ఉండబట్టే భోజనం మధ్యలో అమరోనే కంటే ఇది బాగా ఇముడుతుంది. 13, 14 శాతం దగ్గర ఆగుతుంది కాబట్టి రెండో గ్లాసుకి తల బరువెక్కదు. ధర అమరోనేలో సగం లోపే.

మరి అమరోనే ఎప్పుడు? గంటల తరబడి ఉడికిన మాంసం, లేదా ఏళ్ల తరబడి మాగిన చీజ్ ఉన్నప్పుడు. లేదా భోజనం ముగిశాక, వానపడే రాత్రి, ఏమీ తినకుండా ఒక్క గ్లాసు పట్టుకుని గంటసేపు కూర్చోవాలనిపించినప్పుడు. ఇటాలియన్లు ఇలాంటి వైన్‌ను ధ్యానానికి తగిన వైన్ అంటారు. అంత పెద్ద మాట అవసరమా అనిపిస్తుంది గానీ, కబుర్ల మధ్య గ్లాసులో వైన్ వాసన మారుతూ పోవడం గమనిస్తే వాళ్ల ఉద్దేశం అర్థమవుతుంది.

రెచోతో తీపి వైన్. వెరోనా ఉన్న వెనెతో ప్రాంతపు యాసలో రెచే అంటే చెవులు. గుత్తి పైభాగంలో చెవుల్లా పక్కలకు చాచిన రెమ్మలకు ఎండ బాగా తగిలి ఎక్కువ తియ్యగా పండుతాయి, పూర్వం వాటినే ఏరి చేసేవారట. వెరోనా క్రిస్మస్ కేకు పాందోరోతో, డార్క్ చాక్లెట్‌తో ఇది కుదురుతుంది. తీపి విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: స్వీట్ కంటే వైన్ తియ్యగా ఉండాలి. మన బందరు లడ్డు పక్కన రెచోతో పెడితే లడ్డు గెలుస్తుంది, వైన్ పుల్లగా అనిపిస్తుంది.

బరోలో, బ్రునెల్లోలతో పెడితే

"పవర్‌ఫుల్ ఇటాలియన్ రెడ్" అని అడిగితే షాపువాళ్లు చూపించే మిగతా రెండు పేర్లు ఇవి. బలం మూడింటికీ ఉంది, బలం ఉన్న చోటు వేరు.

బరోలో వాయవ్యాన పియమొంతే కొండల నుంచి వస్తుంది, మొత్తం నెబ్బియోలో ద్రాక్షే. రంగు చూస్తే పలచగా, ఇటుక ఛాయలో ఉంటుంది, అది చూసి తేలిక అనుకుంటే మోసపోతారు. నోట్లో పచ్చి జామకాయ కొరికినట్టు వగరు పట్టేస్తుంది. కోతకొచ్చిన ఏడాది నవంబర్ నుంచి 38 నెలలు మాగాకే అమ్మాలి, అయినా చాలా సీసాలు ఇంకో ఐదారేళ్లు ఆగమంటాయి. బ్రునెల్లో తొస్కానాలోని మొంతల్చీనో ఊరిది, మొత్తం సాంజోవేజే ద్రాక్ష. దానిలో వగరు, పులుపు రెండూ సూటిగా ఉంటాయి, నిప్పుల మీద కాల్చిన మాంసానికి తోడు.

అమరోనే బలం వగరులో లేదు. అది చిక్కదనంలో, ఆల్కహాల్ వెచ్చదనంలో ఉంది. వగరు పడనివాళ్లకి, ఇప్పుడిప్పుడే రెడ్ వైన్ మొదలుపెట్టినవాళ్లకి మూడింటిలో ఇదే తేలిగ్గా నచ్చుతుంది. కొద్దిపాటి చక్కెర మిగిలే ఉంటుంది కాబట్టి నునుపుగా జారుతుంది. అదే దాని చిక్కు కూడా: జారుతుంది కదా అని పోసుకుంటూ పోతే పైన చెప్పిన పెగ్గుల లెక్క పనిచేయడం మొదలుపెడుతుంది. నిప్పుల మీద కాల్చిన మాంసానికి బ్రునెల్లో, ఆల్బాలో దొరికే ట్రఫుల్ అనే తెల్ల నేలపుట్టగొడుగు తురిమిన పాస్తాకి బరోలో, గిన్నెలో గంటలకొద్దీ మగ్గినదానికి అమరోనే. నేను పెట్టుకున్న గీత ఇది. బరోలోలోనూ మాంసం మగ్గబెడతారు కదా అని పియమొంతేవాళ్లు నాతో పోట్లాడొచ్చు, పోట్లాడనివ్వండి.

వెరోనా వంటింట్లో దానికి తోడు

అక్కడ అమరోనేని గ్లాసులోనే కాదు, గిన్నెలో కూడా పోస్తారు. రిసొట్టో అల్లమరోనే అందులో ప్రసిద్ధమైనది. ఇసోలా దెల్లా స్కాలా చుట్టుపక్కల పండే వియలోనే నానో అనే పొట్టి బియ్యం తీసుకుంటారు. ఉల్లిపాయను వెన్నలో మెత్తబరిచి, బియ్యం వేయించి, వైన్ పోసి ఇగిరాక వేడి వేడి సూపు గరిటె గరిటెగా పోస్తూ కలుపుతారు. చివర్లో వెన్న, తురిమిన మొంతే వెరోనేజే చీజ్. ఊదారంగు అన్నం చూడటానికి వింతగా ఉంటుంది, తింటే వెన్నా వైన్ కలిసిపోయి హాయిగా ఉంటుంది. 40 యూరోల సీసాను పొయ్యి మీద ఒలకబోయడానికి నాకైతే చేతులు రావు. ఇంట్లో రిపాస్సోతో చేస్తాను, తాగడానికి అమరోనే ఉంచుకుంటాను.

పాస్తిస్సాదా గుర్రపు మాంసం వంటకం. వైన్‌లో నానబెట్టి, దాల్చినచెక్క, లవంగం వేసి గంటలు ఉడికిస్తారు, మొక్కజొన్న పిండి సంకటి లాంటి పొలెంతాతో తింటారు. 489లో వెరోనా దగ్గర థియోడొరిక్‌కూ అప్పటి ఇటలీ రాజు ఒడొవాకర్‌కూ జరిగిన యుద్ధంలో చచ్చిన గుర్రాలతో ఇది పుట్టిందని కథ. గుర్రం, గొడ్డుమాంసం తిననివాళ్లు అదే పద్ధతిలో మటన్ కాళ్లు మగ్గబెట్టుకోవచ్చు. నేను చేసేది అదే: ఉల్లి, క్యారెట్, మిరియాలు, రెండు లవంగాలు, సన్నని మంట, మూడు గంటలు. ఎముక నుంచి మాంసం తనంతట తాను విడిపోయేదాకా. కారం పొడి డబ్బా ఆ రోజు అలమరలోనే ఉంటుంది.

ఎందుకు పనిచేస్తుందంటే, కొవ్వూ మాంసకృత్తులూ వగరును మెత్తబరుస్తాయి, ఉప్పు చేదును తగ్గిస్తుంది, మగ్గిన ఉల్లిపాయ తీపి వైన్‌లోని ఎండుపళ్ల తీపిని అందుకుంటుంది. చీజ్‌తో కూడా ఇంతే. రెండేళ్లు మాగిన పార్మిజానో రెజ్జానో ముక్క, ఉప్పుప్పగా, నోట్లో పొడిపొడిగా రాలుతూ ఉంటుంది, దానికి మించిన జోడీ నాకు ఇంతవరకు దొరకలేదు. నీలి చారల గొర్గొంజోలా కూడా బాగుంటుంది, ముఖ్యంగా రెచోతోతో. పూర్తి శాకాహారులు ఒక విషయం చూసుకోవాలి: పార్మిజానో విరగగొట్టేది దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే, నియమం అది. గొర్గొంజోలాలో కూడా మామూలుగా అదే వాడతారు. శాకాహార రెన్నెట్ అని రాసున్న గట్టి చీజ్ వెతుక్కోవడం మేలు. చీజ్ వద్దంటే నెయ్యిలోనో ఆలివ్ నూనెలోనో బాగా వేయించిన పుట్టగొడుగులు, అక్రోట్లు, వెరోనా వాళ్ల ఎర్ర రదిక్కియో ఆకు కాల్చినది. ఆ ఆకు చేదుగా ఉంటుంది. కాకరకాయ తినే నాలుకకి ఆ చేదు, వైన్ చివరి చేదు కలవడం కొత్తేమీ కాదు.

మన కూరలతో కుదురుతుందా?

చాలావరకు కుదరదు. మిరపకాయ మంటను పట్టుకునే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. 16 శాతం వైన్ పడితే గుంటూరు కారం రెండింతలు మండుతుంది. గోంగూర మటన్‌లో, చేపల పులుసులో పులుపు ఎక్కువ, అమరోనేలో పులుపు తక్కువ, దాంతో వైన్ చప్పగా, బద్ధకంగా తయారవుతుంది. ఆవకాయ గురించి అడగొద్దు. బిర్యానీ ఒక్కటే మధ్యరకం: కారం తగ్గించి, వేయించిన ఉల్లిపాయలు, నెయ్యి, గరంమసాలా వాసనతో చేసిన మటన్ బిర్యానీకి రిపాస్సో ఫర్వాలేదు, పక్కన మిర్చీ కా సాలన్ లేకపోతే. కారంగా తినే రోజు వైనే కావాలనుకుంటే కాస్త తియ్యగా, చల్లగా ఉండే తెల్ల వైన్ తెచ్చుకోండి. అమరోనేని ఇంకో రోజుకి దాచండి.

కొనేటప్పుడు

ఇటలీలో మామూలు వాల్పోలిచెల్లా సుమారు 8 నుంచి 12 యూరోలు, రిపాస్సో 12 నుంచి 20, మంచి అమరోనే 30 నుంచి 60. సూపర్‌మార్కెట్‌లో 20 యూరోలకి అమరోనే కనిపిస్తే నేను వదిలేసి, అదే డబ్బుతో పేరున్న రిపాస్సో తీసుకుంటాను. అంతకు పై ధరల్లో బెర్తానీ, అల్లెగ్రీని, మాసి, తొమ్మాజీ లాంటి వైనరీల పేర్లు ఎక్కువగా దొరుకుతాయి. క్వింతరెల్లి, దాల్ ఫోర్నో సీసాల ధర చూసి చాలామంది మళ్లీ అరలోనే పెట్టేస్తారు, నేనూ పెట్టాను. లేబుల్ మీద క్లాసికో అని ఉంటే ఆ ప్రాంతంలోని పాత ఐదు ఊళ్ల కొండల పంట అని అర్థం, తప్పనిసరిగా బాగుంటుందని కాదు. 2014 వానల్లో తడిసిపోయిన ఏడాది, కొన్ని వైనరీలు అసలు అమరోనే చేయలేదు. 2015, 2016 మంచి పంటలు.

మన ఊళ్లో "వైన్ షాపు" అని బోర్డున్న చోట వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. హైదరాబాద్ పెద్ద షాపుల్లో ఇటలీ సీసాలు ఉన్నా, సుంకాలు కలిసి ధర బాగా ఎక్కేస్తుంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తలకు 2 లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి, రెండు సీసాలు నిక్షేపంగా వస్తాయి. నన్నడిగితే ఒకటి అమరోనే, ఒకటి రిపాస్సో.

తెచ్చాక ఫ్రిజ్ మీదో, వంటింటి అలమరలోనో పెట్టొద్దు. మన వేసవి వేడికి వైన్ ఉడికిపోతుంది. చల్లటి చీకటి మూల చూడండి. తాగేటప్పుడు 18 డిగ్రీలు ఉంటే సరి. "రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలి" అన్నది యూరప్ గదుల మాట. మన 32 డిగ్రీల గదిలో అమరోనే తెరిస్తే ముక్కుకి ముందు తగిలేది స్పిరిట్టే. బిరడా తీసి, వెడల్పు మూతి జగ్గులోకి వంపి ఓ గంట వదిలేయండి, తాగే ముందు ఫ్రిజ్‌లో చల్లబరచండి. గ్లాసులో మూడోవంతుకి మించి పోయొద్దు, వాసన తిరగడానికి చోటు కావాలి. మిగిలితే అదే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. నా నాటుకోడి రాత్రి మిగిలిన సగం సీసా మర్నాడు బాగుండటానికి చీజ్‌తో పాటు అది కూడా ఒక కారణం అయ్యుండాలి: ఒక రోజంతా దానికి గాలి తగిలింది.